కండరాల పట్టువిడుపులు

మంగళగిరి కొండ మెట్లెక్కి పానకాల స్వామిని చూసొచ్చిన వాళ్లని అదే రోజు అడిగితే ఎక్కడమే కష్టమంటారు. ఆయాసం, చెమటలు, మధ్యమధ్యలో కూలబడటం, అన్నీ ఎక్కేటప్పుడే. దిగడానికేముంది, కబుర్లు చెప్పుకుంటూ దిగిపోయాం అంటారు. వాళ్లనే రెండో రోజు పొద్దున చూడండి. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి. ఇంటి మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో కాలూ వేయాలి. తొడల ముందుభాగం ముట్టుకుంటే చాలు, అమ్మా అంటారు. కొండ ఎక్కినందుకు వచ్చిన నొప్పి అనుకుంటారు గానీ, ఇందులో పెద్ద వాటా దిగినదానిదే.

ఈ తిరకాసు విడిపోవాలంటే కండరం గురించి మనకున్న ఊహని కాస్త సరిచేసుకోవాలి. కండ అనగానే ఎత్తడం, లాగడం, గుద్దడం గుర్తొస్తాయి. అంటే పట్టు. చిక్కంతా విడుపు దగ్గర ఉంది. కండరం పట్టు వదలడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. ఆ వదలడం చెడితే ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది.

కండరానికి వచ్చిన విద్య ఒక్కటే, లాగడం. నెట్టడం దానికి చేతకాదు. మరి తలుపు నెడుతున్నాం కదా అంటారా? చేతి వెనకవైపున్న ట్రైసెప్స్ లాగితే మోచేయి చాచుకుంటుంది. ఆ చాచుకోవడమే నెట్టడంగా కనిపిస్తుంది. ముందున్న బైసెప్స్ లాగితే మోచేయి ముడుచుకుంటుంది. ఒంట్లో ఎముకలను కదిలించే కండరాలు ఆరు వందలకు పైనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇలా ఎదురు కండరం ఒకటి ఉంటుంది. ఒకటి లాగుతుంటే రెండోది సడలాలి, లేకపోతే కీలు కదలదు. ఆ సడలింపు మనం ఆలోచించి చేసేది కాదు, వెన్నుపాము స్థాయిలోనే జరిగిపోతుంది. ఈ ఏర్పాటుని వివరంగా పరిశీలించిన బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్‌కి, నాడీకణాల మీద చేసిన కృషికి గాను 1932లో నోబెల్ వచ్చింది.

ఇంకో సంగతి. కండరం ఎముకకి అతుక్కునే చోటు సాధారణంగా కీలుకి చాలా దగ్గర. బైసెప్స్ మోచేతి కీలుకి సుమారు 4, 5 సెంటీమీటర్ల దూరంలోనే అతుక్కుంటుంది. అరచెయ్యి 35 సెంటీమీటర్ల అవతల ఉంటుంది. కాబట్టి మోచేయి మడిచి 10 కిలోల బియ్యం సంచి పట్టుకుంటే, కండరాలు లాగాల్సింది 70, 80 కిలోల బరువుకి సరిపడా బలంతో. శుద్ధ నష్టం బేరంలా ఉంది కదా. కానీ బదులుగా వేగం దక్కుతుంది. కండరం ఒక సెంటీమీటరు కుంచించుకుంటే అరచెయ్యి ఏడెనిమిది సెంటీమీటర్లు కదులుతుంది. బౌలర్ విసిరే బంతికి ఆ జోరు ఇలాంటి లెక్కలోంచే వస్తుంది.

గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీలకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోల మాట. ఇద్దరు రెండు వైపులా పట్టి మోసేవాడి వీపు మీదకి ఎత్తుతారు. అతను నడుం కొంచెం ముందుకి వంచి, టిక్కీ మెడ కిందా భుజాల మీదా పరుచుకునేలా సర్దుకుంటాడు. బరువు తిన్నగా పాదాల మీదకి దిగుతుంది. మోకాళ్లు ఓ రవ్వ వంగి ఉంటాయి, అడుగులు చిన్నవి, ఆగకుండా పడతాయి. అదే టిక్కీని చేతులు ముందుకి చాచి మోయమంటే నడుం కండరాలు దానికి ఎన్నో రెట్లు లాగాల్సి వస్తుంది, నాలుగు అడుగులకే నడుం పట్టేస్తుంది. ఇక దించేటప్పుడు చూడాలి. బస్తాలు పేర్చే లాటు దగ్గరికి రాగానే ఒక భుజం కిందికి జార్చి పక్కకి తప్పుకుంటాడు, టిక్కీ దబ్బున పడుతుంది. మెల్లగా దించడు. మెల్లగా దించడమంటే, బరువు కిందికి ఈడుస్తుంటే కండరం ఎదురు లాగుతూనే సాగుతూ పోవడం. పొద్దస్తమానం మోసేవాడు ఆ పని తన నడుముకి పెట్టడు.

లాగుతూనే సాగడం అంటే ఏమిటో తెలియాలంటే కండరం లోపలికి వెళ్లాలి. మైక్రోస్కోపు కంటే ముందు వంటింట్లోనే కొంత కనిపిస్తుంది. ఆదివారం కూరలో ఉడికిన చికెన్ బ్రెస్ట్ ముక్కని వేళ్లతో విడదీస్తే పీచులు పీచులుగా వస్తుంది. ఒక్కో పీచూ కొన్ని కండర తంతువుల కట్ట. ఒక్కో తంతువూ పొడవాటి ఒకే ఒక్క కణం, అందులో బోలెడు కేంద్రకాలు. లెగ్ పీస్ రంగు ముదురుగా ఉండటానికీ కారణం ఉంది. కోడి రోజంతా కాళ్ల మీదే ఉంటుంది కాబట్టి అక్కడ నిదానంగా, అలుపు లేకుండా పనిచేసే తంతువులు ఎక్కువ. వాటిలో ఆక్సిజన్‌ని దాచిపెట్టే మయోగ్లోబిన్ ఎక్కువ, ఆ రంగు దానిదే. రెక్కలు ఎప్పుడో ఒకసారి టపటపలాడిస్తుంది కాబట్టి బ్రెస్ట్‌లో చురుగ్గా లాగి త్వరగా అలిసిపోయే రకం ఎక్కువ. మన ఒంట్లో ప్రతి కండరంలోనూ రెండు రకాలూ కలగలిసి ఉంటాయి. పిక్క లోపలి సోలియస్ కండరంలో మాత్రం నిదానం రకానిదే పైచేయి. బస్టాండులో గంటసేపు నిలబడగలగడం దాని చలవే.

తంతువు లోపల ఇంకా సన్నని పోగులు, ఆ పోగుల్లో వరసగా పేర్చినట్టు చిన్న చిన్న గదులు ఉంటాయి. వాటిని సార్కోమియర్లు అంటారు. ఒక్కోటి 2 నుంచి 2.5 మైక్రోమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరు పొడవులో నాలుగైదు వందలు పడతాయి. ప్రతి గదిలో రెండు రకాల ప్రోటీన్ దారాలు. లావుపాటిది మయోసిన్, సన్నటిది ఆక్టిన్. కండరం కుంచించుకుంటే లోపలి ప్రోటీన్లు ముడుచుకుని పొట్టివవుతాయని చాలాకాలం అనుకున్నారు. 1954 మే నెలలో నేచర్ పత్రికలో ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకీ చుట్టరికమేమీ లేదు. రెండు జట్లూ తేల్చింది మాత్రం ఒకటే. దారాల పొడవు మారదు. ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి, దాంతో గది ఇరుకవుతుంది. గదులన్నీ ఒకేసారి ఇరుకైతే కండరం పొట్టిగా అవుతుంది.

జార్చేది మయోసిన్ దారానికున్న చిన్న చిన్న తలలు. మంగళగిరి తిరునాళ్లలో రథం తాడు లాగే జనాన్ని ఊహించుకోండి. కొందరు పట్టి లాగుతుంటే కొందరు చేతులు వదిలి ఇంకొంచెం ముందు పట్టుకుంటారు. అందరూ ఒకేసారి వదిలితే తాడు జారిపోతుంది, ఎవరూ వదలకపోతే రథం ఉన్నచోటే ఉంటుంది. మయోసిన్ తలలూ అంతే, వంతులవారీగా ఆక్టిన్‌ని పట్టి, లాగి, వదిలి, మళ్లీ ముందు పట్టుకుంటాయి. ఒక తల ఒక పట్టుకి జరిపేది 5 నుంచి 10 నానోమీటర్లే.

ఇప్పుడు అసలు విశేషం. లాగే క్షణంలో మయోసిన్ తలకి కొత్తగా ఏమీ అక్కర్లేదు, శక్తిని ముందే ఎక్కించుకుని ఉంటుంది. లాగేశాక పట్టు వదలాలంటేనే, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అణువు కొత్తగా ఒకటి వచ్చి దానికి తగులుకోవాలి. రాకపోతే తల అక్కడే బిగుసుకుపోతుంది. చనిపోయాక శరీరం కొయ్యబారడం ఇదే. ఊపిరి ఆగాక ఏటీపీ తయారీ ఆగిపోతుంది, పట్టుకున్న తలలు విడవవు. కొన్ని గంటల్లో మొదలై పన్నెండు గంటలయ్యేసరికి ఒళ్లంతా బిగుస్తుంది. ప్రోటీన్లు చివకడం మొదలయ్యాక, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ సడలుతుంది. మన ఎండాకాలంలో ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ముందు కాళ్లూ చేతులూ సర్దండి, తర్వాత ఏడవచ్చు అని పెద్దవాళ్లు గదమాయించేది కఠినత్వం కాదు, అనుభవం.

ఏటీపీ కథలో మన మనిషి ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అభిప్రాయం అప్పట్లో గట్టిగా ఉండేది. కండరాల మీద పనిచేసిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా దక్కింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ అభిప్రాయం కదిలిపోయింది. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్ల జోరుకే సరిపోతుంది. దాన్ని అప్పటికప్పుడు తిరిగి నింపుతూ మరికొన్ని సెకన్లు లాక్కొచ్చేది ఫాస్ఫోక్రియాటిన్. ఆ తర్వాత చక్కెరా, కొవ్వూ మండాల్సిందే. విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల జిమ్ముల్లో కుర్రాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే క్రియాటిన్ పొడికి మూలం ఈ సంగతే. సుబ్బారావు పేరు మాత్రం ఆ డబ్బా మీద ఉండదు.

ఇంతకీ ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు విడవాలో తలలకి ఎవరు చెబుతారు? నాడి చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం పొరని తాకుతుంది. దాంతో తంతువు లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటికొస్తుంది. ఆక్టిన్ మీద కాపలా ఉన్న ట్రోపోనిన్‌కి కాల్షియం తగులుకుంటే అక్కడి అడ్డు పక్కకి జరిగి, తలలకి పట్టు దొరుకుతుంది. గుండెపోటు అనుమానం వస్తే రక్తంలో చూసే ట్రోపోనిన్ ఈ కుటుంబానిదే, గుండె కండరానికి చెందిన రకం. సరే, ఆపాలంటే? ఎసిటైల్‌కోలిన్‌ని ఒక ఎంజైము వెంటనే ముక్కలు చేసేయాలి. కాల్షియాన్ని పంపులు మళ్లీ సంచుల్లోకి తోడిపోయాలి. ఆ తోడటానికి కూడా ఏటీపీ ఖర్చే.

ఈ ఆపే ఏర్పాటు చెడితే ఏమవుతుందో పత్తి, మిరప పండించే గుంటూరు, పల్నాడు పల్లెలకి బాగా తెలుసు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు సరిగ్గా ఆ ఎంజైమునే కట్టేస్తాయి. గాలికి ఎదురుగా మందు కొట్టడం, తడిసిన చొక్కాతోనే సాయంత్రం దాకా ఉండటం వల్ల కూడా ఇవి ఒంటికెక్కుతాయి. ఎసిటైల్‌కోలిన్ పోగుపడి, ఆగమన్న మాట కండరానికి చేరదు. నోటి వెంట చొంగ, కంటిపాప సూదిమొనంత, చర్మం కింద కండరాలు పురుగులు పాకుతున్నట్టు అదరడం కనిపిస్తాయి. అలా అదిరి అదిరి చివరికి కండరాలు చచ్చుబడతాయి, ఊపిరి తీసే కండరాలతో సహా. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఊపిరితిత్తుల్లో ఊరే స్రావాలనీ, నెమ్మదించిన గుండెనీ దారిలో పెడుతుంది గానీ చచ్చుబడ్డ కండరాన్ని లేపలేదు. అందుకే కొందరిని రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచుతారు. ఇంటివాళ్లు ఇంకా ఎన్నాళ్లని టెన్షన్ పడేది ఈ దశలోనే.

కట్లపాము చేసేది దీనికి తిరగేసి. దాని విషం నాడి చివరనే దెబ్బతీస్తుంది, ఆజ్ఞ కండరం దాకా రాదు. రాత్రి నేల మీద పడుకున్న వాళ్లని కరుస్తుంది. నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, గాటు కూడా సరిగా కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. తర్వాత వంతు ఊపిరిది. నిద్ర సరిపోలేదేమో అని పడుకోబెట్టకూడదు. మంత్రం వేయించే పని అసలే పెట్టుకోకూడదు. నేరుగా విషం విరుగుడు ఇంజెక్షనూ వెంటిలేటరూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ధనుర్వాతంలో చెడేది ఇంకో చోట. ఇందాక చెప్పుకున్న ఎదురు కండరాల సడలింపు గుర్తుందా? ధనుర్వాతం విషం వెన్నుపాములో ఆ ఆజ్ఞనే ఆపేస్తుంది. ఎదురెదురు కండరాలు రెండూ ఒకేసారి లాగుతాయి. దవడ ముందు బిగుస్తుంది, వీపు కండరాలు బలమైనవి కాబట్టి ఒళ్లు వెనక్కి విల్లులా వంగుతుంది. ఒకప్పుడు పురిట్లోనే ఎందరో పసిబిడ్డలు దీనికి బలయ్యేవారు. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగాక 2015లో తల్లీబిడ్డల ధనుర్వాతం భారతదేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

రాత్రిపూట పిక్క పట్టేయడం వీటన్నిటి ముందు చిన్న విషయమే, పట్టినవాళ్లకి తప్ప. మోకాలు చాచి పాదం వేళ్లని తనవైపు లాక్కుంటే వదులుతుంది. కండరాన్ని అలా సాగదీసినప్పుడు దాన్ని ఎముకకి కట్టే టెండాన్‌లో ఉండే నాడీ గ్రాహకాలు, ఇక చాలు అని వెన్నుపాముకి కబురు పంపుతాయి.

ఇప్పుడు కొండ మెట్ల దగ్గరికి వద్దాం. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరాలు కుంచించుకుంటూ ఒంటిని పైకి లేపుతాయి. దిగేటప్పుడూ అవే కండరాలు లాగుతుంటాయి, లేకపోతే మోకాలు ముడుచుకుపోయి పడిపోతాం. కానీ అప్పుడు అవి లాగుతూనే సాగుతుంటాయి. 1952లో ఆబట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు రెండు సైకిళ్లని వెనకా వెనకా పెట్టి ఒకే చైనుతో కలిపారు. ఒకరు ముందుకి తొక్కాలి, రెండోవారు వెనక్కి తిరుగుతున్న పెడళ్లకి కాళ్లు అడ్డుపెట్టి నిలవరించాలి. రెండు వైపులా పడే బలం ఒకటే. అయినా అడ్డుపెట్టేవారికి ఖర్చయిన ఆక్సిజన్ చాలా తక్కువ. చిన్న మనిషైన బ్రెండా బిగ్లండ్ అలా అడ్డుపెట్టి, తొక్కుతున్న భారీ మనిషిని అలవోకగా అలసిపోయేలా చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

దిగేటప్పుడు ఆయాసం రాకపోవడానికి కారణం ఇదే. ఇందులోనే మెలిక కూడా ఉంది. తక్కువ తంతువులే ఆ బరువంతా మోస్తాయి, ఒక్కోదాని మీదా ఎక్కువ భారం పడుతుంది. మయోసిన్ తలలు తమంతట వదిలే లోపు బరువు వాటిని ఈడ్చి ఊడదీస్తుంది. కొన్ని సార్కోమియర్లు మరీ సాగి చెదిరిపోతాయి. మరమ్మతు కోసం అక్కడికి రక్తకణాలు చేరతాయి, వాపు వస్తుంది, నాడులు సున్నితమవుతాయి. దీనికి టైము పడుతుంది కాబట్టే నొప్పి వెంటనే కాక ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది అనే మాట జిమ్ముల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. అది గంట, రెండు గంటల్లో రక్తంలోంచి వెళ్లిపోతుంది, రెండో రోజు నొప్పికి దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం, కొద్ది వారాల్లో మళ్లీ అదే పని పెడితే పెద్దగా నొప్పెట్టదు. కాబట్టి ఏడాదికోసారి కొండకి వెళ్లేవాళ్లు రెండు వారాల ముందు నుంచి అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కి పైకి పోయి మెట్ల మీద నుంచి దిగడం మంచిది. చూసేవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. నొప్పితో పాటు మూత్రం కాఫీ రంగులో వస్తే మాత్రం అది మామూలు ఒళ్లునొప్పి కాదు. కండరం బాగా చితికి, దానిలోని మయోగ్లోబిన్ మూత్రపిండాలకి చేరుతోందని అర్థం, అదే రోజు డాక్టరుకి చూపించాలి.

మన మాట వినని కండరాలు ఇంకా రెండు రకాలున్నాయి. పేగులు, రక్తనాళాలు, ఊపిరి గొట్టాల గోడల్లో ఉండేవి నునుపు కండరాలు. నిదానంగా లాగుతాయి, ఎంతసేపైనా పట్టి ఉంచుతాయి. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్నవి బిగుసుకుంటాయి, నీలం రంగు ఇన్‌హేలర్ చేసే పని వాటిని వదులు చేయడమే.

మూడోది గుండె. నిమిషానికి 72సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో స్పందన 0.8 సెకను. అందులో కింది గదులు బిగించేది 0.3 సెకను, వదులై నిండేది 0.5 సెకను. అంటే ఎక్కువ సేపు వదులుగానే ఉంటుంది. ఎడమ గది కండరానికి రక్తం ముఖ్యంగా అందేది కూడా ఆ వదులు సమయంలోనే. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఎకో, అంటే గుండె స్కాన్ తీయించుకున్న పెద్దవాళ్ల రిపోర్టుల్లో తరచూ రెండు మాటలు కనిపిస్తాయి. మొదటిది ఈఎఫ్ 60 శాతం. గుండె నలభై శాతం పాడైందని కంగారు పడేవాళ్లున్నారు. నిజానికి ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకి బయటికి పోయే వాటా అది, 60 అంటే చక్కగా ఉన్నట్టే. రెండోది గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్. గుండె బిగించడం బాగానే ఉంది, వదులవడం కాస్త మందగించింది అని దాని భావం. వయసు పైబడిన వాళ్లలో, ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. బీపీ అదుపులో ఉంచుకోమని చెప్పి డాక్టరు ఇంటికి పంపించేయొచ్చు. అయితే మెట్లెక్కుతుంటే కొత్తగా ఆయాసం వస్తున్నా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నా ఆ సంగతి ఆయనకి తప్పకుండా చెప్పాలి, ఈఎఫ్ 60 ఉన్నా సరే.